ఒత్తు తెగ్గోసే పెట్టెలు

తెలుగు అక్షరం గీత మీద ఆగిపోదు. పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. ‘స్త్రీ’ అని రాస్తే పైన గుడి దీర్ఘం, కింద త ఒత్తు, దాన్ని చుట్టుకుంటూ క్రావడి. ‘రాష్ట్రం’ అని రాస్తే ష కింద ట, దానితోపాటు ర. ‘జ్యోత్స్న’లో కింద జరిగే పని పైన జరిగే పనికంటే ఎక్కువ. మన లిపి ఒడ్డూ పొడుగూ ఇదే. ఒకటో తరగతి దాటిన ప్రతి పిల్లకూ తెలిసిన సంగతి ఇది. మన ఫోన్లలోని యాప్‌లను తయారుచేసేవాళ్లలో ఎక్కువమందికి మాత్రం తెలియదు. తెలిసినవాళ్లకు పట్టదు. వెతికే పెట్టె, పేరు నింపే పెట్టె, చిరునామా పెట్టె, ఫిర్యాదు పెట్టె, మెసేజి పెట్టె, ఎక్కడ తెలుగు టైపు చేసినా అక్షరానికి కాళ్లు తెగుతున్నాయి. ఏళ్ల తరబడి తెగుతూనే ఉన్నాయి. దీన్ని లోపం అనడం కూడా నాకు ఇష్టం లేదు. లోపం పొరపాటున జరుగుతుంది. ఇది మనల్ని లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల జరుగుతోంది.

చిన్న విషయాన్ని పెద్దది చేస్తున్నానని అనేవాళ్లున్నారు. వాళ్లకు ఒక మాట చూపిస్తాను. వరంగల్ జిల్లాలోనో గుంటూరు జిల్లాలోనో ఒక రైతు ఫోనులో ‘పత్తి’ అని టైపు చేస్తాడు. పెట్టె అడుగు అంచు త ఒత్తును మింగేస్తుంది. తెర మీద ‘పతి’ కనబడుతుంది. తాను తప్పు కొట్టాననుకుంటాడు. చెరిపి మళ్లీ కొడతాడు. మళ్లీ ‘పతి’. గడ్డి గడి అవుతుంది, విత్తనం వితనం అవుతుంది, అత్త అత అవుతుంది. ఇంగ్లీషులో జీ, వై అక్షరాల తోకలు కాస్త తెగినా మాట మారదు, కన్ను సర్దుకుంటుంది. తెలుగులో ఒత్తు అలంకారం కాదు, అది ఒక పూర్తి హల్లు. దాన్ని కోసేస్తే మాటలోంచి ఒక హల్లు పోతుంది. చదివే చోట తెగితే చదువరి ఊహించుకుని నెట్టుకొస్తాడు. రాసే చోట తెగితే తాను రాసింది సరైనదో కాదో మనిషికి తెలియదు. అందుకే నా కోపమంతా ఈ రాసే పెట్టెల మీద.

ఇది ఎలా జరుగుతుందో చెప్పాలి. ఎందుకంటే ఎవరినడిగినా ‘టెక్నికల్ ఇష్యూ’ అనే రెండు మాటలతో తలుపు వేసేస్తారు. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఒక డిజైనరు ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెర గీస్తాడు. నమూనాగా ఇంగ్లీషు పేరు పెడతాడు. పాపిన్స్ అనో ఇంటర్ అనో మోంట్‌సెరాట్ అనో ఒక ఫాంట్ ఎంచుకుంటాడు. ఈ మూడింటిలో ఒక్కదానిలోనూ తెలుగు అక్షరాలు లేవు. పెట్టె ఎత్తు ఇంత, అక్షరం సైజు ఇంత, పైనా కిందా ఖాళీ ఇంత అని ఇంగ్లీషు అక్షరానికి కొలిచి రాసి డెవలపరుకు ఇస్తాడు. డెవలపరు ఆ అంకెలను ఉన్నవున్నట్టు కోడులోకి ఎక్కిస్తాడు. ఎత్తును బిగించేస్తాడు. బొమ్మలో ఉన్నట్టే రావాలని, అక్షరం చుట్టూ ఆండ్రాయిడ్ తనంతట తాను ఇచ్చే కాస్త అదనపు చోటును కూడా, ఇన్‌క్లూడ్ ఫాంట్ ప్యాడింగ్ అనే మీటను ఆఫ్ చేసి తీసేస్తాడు. టెస్టరు ‘టెస్ట్’, ‘ఏబీసీ’ అని కొట్టి బాగానే ఉందంటాడు. అంత పెద్ద వరసలో ఒక్కరంటే ఒక్కరు కూడా ‘కృష్ణ’ అని టైపు చేసి చూడరు. ఆ వరసలో సగంమంది తెలుగువాళ్లే అయినా సరే.

ఇప్పుడు ఆ పెట్టెలో మనం తెలుగు కొట్టామనుకోండి. డిజైనరు ఎంచిన ఫాంట్‌లో అక్షరం దొరకదు. ఫోను వెంటనే తన దగ్గరున్న తెలుగు ఫాంట్ తెచ్చి ఆ చోట పెడుతుంది. ఆండ్రాయిడ్‌లో సాధారణంగా నోటో వంశపు ఫాంటు, ఐఫోనులో కొహినూర్ తెలుగు. దీన్ని వాళ్ల భాషలో ఫాల్‌బ్యాక్ అంటారు. ఫోను చేసేది మంచి పనే, లేకపోతే ఖాళీ డబ్బాలు కనబడేవి. తొలి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగంతా డబ్బాలే అన్న సంగతి ఆ రోజుల్లో ఫోను వాడినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కానీ యాప్ తయారుచేసినవాడు ఇక్కడ ఏం చేశాడో చూడండి. ఇంగ్లీషు అక్షరానికి లావు, సన్నం, ఎత్తు, ఎడం అన్నీ కూర్చుని నిర్ణయించాడు. తెలుగు అక్షరం గురించి ఏ నిర్ణయమూ తీసుకోలేదు. వచ్చింది వచ్చినట్టు పడుతుందని వదిలేశాడు. ఒకే వాక్యంలో ఇంగ్లీషు పేరు ఒక సైజులో, తెలుగు మాట మరో సైజులో, ఒకటి లావుగా ఒకటి పీలగా. మొదటి తెలుగు అక్షరం కొట్టగానే పెట్టె ఉలిక్కిపడి ఎత్తు మారుతుంది, లేకపోతే మారకుండా అక్షరాన్ని కోసేస్తుంది.

అసలు కథ ఇంకా లోతుగా ఉంది. తెలుగువాళ్లలో ఎంతో కొద్దిమందికే తెలిసిన కథ కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

ఆండ్రాయిడ్ మన అక్షరాన్ని చాలా ఏళ్లు కుదించి చూపించింది. ఇది నా ఆరోపణ కాదు, గూగుల్ తన డెవలపర్ల కోసం రాసుకున్న పత్రాల్లోనే ఉంది. ఇంగ్లీషు గీతల ఎత్తుకు కొలిచి కట్టిన తెరల్లో ఎత్తైన లిపులు ఇమడవు. ఇమడకపోతే తెరలు చెదురుతాయి. కనుక ఆ లిపులకు రెండేసి ఫాంట్లు పెట్టారు. ఒకటి అక్షరం సహజంగా నిలబడేది. రెండోది లాటిన్ లిపి ఎత్తులో పట్టేలా నిలువునా అణిచినది, నోటో సాన్స్ తెలుగు యూఐ లాంటిది. మామూలుగా కనబడేది ఆ రెండోదే. 2014లో ఆండ్రాయిడ్ 5.0తో ఎలిగెంట్ టెక్స్ట్ హైట్ అనే మీటను డెవలపర్ల చేతికిచ్చారు. దాన్ని ఆన్ చేస్తే అణచని అక్షరం వస్తుంది, పైనా కిందా చోటు పెరుగుతుంది. చేయకపోతే అణిచిన అక్షరమే. ఆ మీట ఏళ్ల తరబడి ఆఫ్‌లోనే ఉండిపోయింది. తెలుగు యాప్‌లు రాసే డెవలపర్లలో ఆ మీట పేరు తెలిసినవాళ్లు నాకు అరుదుగా తగిలారు. దాన్ని ఆన్ చేసి పెట్టినవాళ్లు ఇంకా అరుదు.

చెప్పు చిన్నదైతే కాలు కోసుకోమన్నారు, కోసుకున్నాం. తెలుగొక్కటే కాదు, తమిళం, కన్నడం, మలయాళం, గుజరాతీ, ఒడియా, వాటితోపాటు అరబ్బీ, థాయ్, లావో, బర్మా లిపులన్నిటికీ ఇదే గతి. ప్రపంచంలో ఇన్ని కోట్లమంది రాసే అక్షరాలను ఒక్క లిపి కొలతకు అణిచారు. ఆ కొలతే ఎందుకు కొలత కావాలని ఎవరూ గట్టిగా అడగలేదు. మన విశ్వవిద్యాలయాలు అడగలేదు, భాషా సంఘాలు అడగలేదు. 2008లో ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు సభలు పెట్టాం, శాలువాలు కప్పుకున్నాం. అరచేతిలో ఉన్న తెర మీద అదే భాష నడుం వంచుకుని నిలబడి ఉంటే తల తిప్పి చూడలేదు.

2024లో ఆండ్రాయిడ్ 15 వచ్చింది. ఆ వెర్షన్‌ను లక్ష్యంగా పెట్టుకుని కట్టిన యాప్‌లలో ఎలిగెంట్ టెక్స్ట్ హైట్ మీట తనంతట తానే ఆన్ అయి ఉంటుంది. అంటే పదేళ్ల తర్వాత తెలుగు అక్షరం సహజమైన ఎత్తులో నిలబడటం మామూలు స్థితి అయింది. రాసే పెట్టెకు కూడా అదే వెర్షన్‌లో ఒక మార్పు చేశారు. అంతకుముందు టైపు చేసే పెట్టె భాష ఏదైనా ఒకే ఎత్తులో తయారయ్యేది. ఇప్పుడు ఫోను భాష తెలుగైతే తెలుగు ఫాంట్‌కు కావలసిన కనీసపు గీత ఎత్తును ఖాళీ పెట్టెలోనే ముందుగా కేటాయిస్తుంది. మొదటి అక్షరం పడగానే పెట్టె ఎగిరిపడదు. 2025లో ఆండ్రాయిడ్ 16 ఇంకో అడుగు వేసింది. దాన్ని లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లలో ఎవరైనా ఆ మీటను మళ్లీ ఆఫ్ చేద్దామన్నా కుదరదు. అణిచిన ఫాంట్లకు కాలం చెల్లిందని గూగులే చెప్పింది.

సంతోషించాలా? సంతోషించాను. కానీ తర్వాత జరగబోయేది కనబడుతూనే ఉంది. అక్షరం లేచి నిలబడింది, పెట్టె మాత్రం పాతదే. అణిచిన అక్షరానికే బొటాబొటీగా సరిపోయేలా ఎత్తు బిగించి కట్టిన వేల పెట్టెల్లోకి ఇప్పుడు పూర్తి ఎత్తు అక్షరం వస్తుంది. ఇన్నాళ్లూ అంచు తాకి ఆగిన ఒత్తులు ఇప్పుడు అంచు కిందికి పోతాయి. పదేళ్ల అణచివేతకు అలవాటుపడిన డెవలపర్లు దీన్ని ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్ తెచ్చిన బగ్ అంటారు. ఫాంట్ సైజు తగ్గిస్తే పోతుందంటారు. నేను ముందే చెబుతున్నాను: సైజు తగ్గించడం దీనికి మందు కాదు. పన్నెండు పాయింట్లలో ‘క్ష్మి’ని చదవమని నలభై దాటిన మనిషికి చెప్పడం దౌర్జన్యం. పెంచాల్సింది పెట్టెను.

ఫాంట్లు లేవని అనడానికి ఎవరికీ నోరు లేదు. ఒకప్పుడు లేవు. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన 2000, వేమన 2000 తయారుచేసి ఉచితంగా ఇచ్చిన రోజుల్లో యూనికోడ్ (కంప్యూటర్లలో లిపులన్నిటికీ ఉమ్మడి సంకేతాల పద్ధతి) తెలుగు ఫాంట్ దొరకడమే గొప్ప. 2012లో తిరుపతిలో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన కాలానికి సిలికానాంధ్ర సంస్థ ఉచిత ఫాంట్ల వరసే తెచ్చింది. మండలి, గిడుగు, గురజాడ, సురవరం, మల్లన్న, పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర, సూరన్న, ఎన్టీఆర్. ఇవన్నీ ఇవాళ గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. ఎవరైనా పైసా కట్టకుండా తమ యాప్‌లో పెట్టుకోవచ్చు. అహ్మదాబాద్‌లోని ఇండియన్ టైప్ ఫౌండ్రీ గుంటూరు పేరు పెట్టి హింద్ గుంటూరు ఫాంట్ ఇచ్చింది, సన్నం నుంచి లావు దాకా అయిదు బరువుల్లో. పాపిన్స్ తయారుచేసింది కూడా అదే సంస్థ. పాపిన్స్‌లో దేవనాగరి ఉంది, తెలుగు లేదు. ఆ ఫాంట్‌ను పెట్టుకునే ముందు ఈ ఒక్క సంగతి చూసుకునే ఓపిక కూడా మన డిజైనర్లకు లేకపోయింది. ముంబైలోని ఎక్ టైప్ సంస్థ బాలూ తమ్ముడు అనే ఫాంట్ ఇచ్చింది, అనేక్ తెలుగు ఇచ్చింది. అనేక్ కుటుంబంలో తొమ్మిది భారతీయ లిపులూ లాటినూ ఒకే చేతి వాటంతో గీసినవి, పక్కపక్కన పెడితే ఎత్తూ లావూ కలుస్తాయి. ఇంగ్లీషూ తెలుగూ కలగలిసే రాతకు ఇంతకన్నా ఏం కావాలి? టిరో తెలుగు ఉంది, పుస్తకం చదువుతున్నట్టుండే అక్షరం. అన్నీ ఉచితం, అన్నీ బహిరంగం.

యాప్ బరువు పెరుగుతుందంటారు. తెలుగు ఫాంట్ ఒకటి కొన్ని వందల కిలోబైట్లు. వంద మెగాబైట్లు దాటిన యాప్‌లో ప్రకటనల కోసం, జాడలు తీసే కోడ్ కోసం, పండగ రోజు ఎగిరే టపాకాయల బొమ్మల కోసం ఎంత చోటు పెడుతున్నారో వాళ్లకు తెలుసు. పైగా ఫాంట్‌ను యాప్‌లో పెట్టకుండానే అవసరమైనప్పుడు ఫోను దింపుకునే ఏర్పాటు ఆండ్రాయిడ్ 8 నాటి నుంచి ఉంది. ఫాంట్ ఫైలును ఒక ఫోల్డరులో పెట్టి దాని పేరు రాస్తే పెట్టెకు అతికే సౌకర్యం కూడా అప్పుడే వచ్చింది. ఐఫోనులోనూ ఫైలును జతచేసి జాబితాలో పేరు చేర్చి పెట్టెకు చెబితే చాలు. బరువు సాకు చెప్పే మరికొందరు ఇంకా ఘోరం చేస్తారు. ఫాంట్‌ను తేలిక చేస్తామని అందులో ఒత్తులు కలిపే పట్టికలను కత్తిరిస్తారు. అప్పుడు ‘ష్ట్ర’ ముక్కలై ష, పొల్లు, ట, పొల్లు, ర అని విడివిడిగా నిలబడుతుంది.

ఫాంట్ ఎంచుకోవడంలోనూ బుద్ధి ఉపయోగించాలి. రామభద్ర మంచి ఫాంటే, శీర్షికకు. దాన్ని టైపు చేసే పెట్టెలో పెడితే సున్నా దీర్ఘమూ ఒకదానిలో ఒకటి ముద్దకట్టుకుంటాయి. ధూర్జటి వంటి ఫాంట్ల వంపులు పెళ్లిపత్రికకు బాగుంటాయి, బ్యాంకు యాప్‌లో ఖాతాదారు పేరుకు కాదు. రాసే పెట్టెకు కావలసింది విప్పారిన అక్షరం: థ, ధ తేడా తెలియాలి, మ, య కలవకూడదు, ప, ష ఒకటిలా కనబడకూడదు, ఒత్తు చిన్న సైజులోనూ దేనిదో గుర్తుపట్టేలా ఉండాలి. పెట్టెలో ముందుగా లేతరంగులో కనబడే సూచన, పైన ఉండే పేరు, మనం కొట్టిన అక్షరం, తప్పు చేసినప్పుడు ఎర్రగా వచ్చే మాట, నాలుగూ ఒకే ఫాంట్‌లో ఉండాలి. చాలా యాప్‌లలో సూచన అందమైన తెలుగు ఫాంట్‌లో ఉంటుంది, ఎందుకంటే దాన్ని డిజైనరు చూశాడు. మనం టైపు చేయగానే వేరే ముఖం వస్తుంది, ఎందుకంటే దాన్ని ఎవరూ చూడలేదు. తాము చెప్పే మాటకు సింగారం చేసి, మనం చెప్పే మాటను గాలికి వదలడం ఇది. తెలుగు వార్తల యాప్‌లలోనూ ఇదే చూస్తున్నాను. కథనానికి సొంత ఫాంట్, కింద పాఠకుడు రాసే పెట్టెకు ఫోను దయ.

ఇందులో అందరికంటే ఎక్కువ దెబ్బ తినేది పెద్దవాళ్లు. చూపు ఆనక ఫోను సెట్టింగ్స్‌లోకి వెళ్లి అక్షరం సైజు పెంచుకుంటారు. ఆండ్రాయిడ్ 14 నుంచి రెండింతల దాకా పెంచుకోవచ్చు. అక్షరం పెరుగుతుంది, బిగించిన పెట్టె పెరగదు. ఇంగ్లీషు అక్షరం ఎలాగో ఇరుక్కుంటుంది. తెలుగు అక్షరానికి పైన గుడి పోతుంది, కింద ఒత్తు పోతుంది, నడుము మాత్రం మిగులుతుంది. ‘కి’, ‘కీ’, ‘కె’, ‘కే’ అన్నీ ఒకటే అవుతాయి. కళ్లు సరిగా కనబడని మనిషి చదువుకోవాలని సైజు పెంచుకుంటే చదవలేని స్థితికి నెట్టడం అది. గొంతుతో చెప్పి టైపు చేయించుకునే పెద్దవాళ్లు ఇప్పుడు పెరిగారు. ఫోను ఏం విన్నదో సరిచూసుకోవలసింది ఆ పెట్టెలోనే. అది తల, కాళ్లు నరికిన మాటలు చూపిస్తే వాళ్లు దేన్ని నమ్మి ‘పంపు’ నొక్కాలి? మందు పేరా? మనవడి ఊరి పేరా?

ముఖం సరిచేస్తే సరిపోదు, పెట్టె మనసు కూడా మారాలి. పేరు నింపే చోట అక్షరాలు మాత్రమే ఉండాలని నిబంధన పెడతారు. కొంచెం తెలిసిన డెవలపరు ఇంగ్లీషు అక్షరాల బదులు ‘ఏ భాష అక్షరమైనా సరే’ అనే నిబంధన రాస్తాడు. తాను ఉదారంగా ఉన్నాననుకుంటాడు. యూనికోడ్ లెక్కలో గుణింతపు గుర్తులు అక్షరాల జాబితాలో ఉండవు, వాటికి వేరే జాబితా ఉంది. కాబట్టి ఆ పెట్టె ‘కమల’ను ఒప్పుకుంటుంది, ‘సీత’ను తప్పు పేరంటుంది. రమ పేరు చెల్లుతుంది, రాము పేరు చెల్లదు. పద్నాలుగు అక్షరాలకు మించకూడదంటారు. కంటికి ఆరు అక్షరాలున్న ‘లక్ష్మీనరసింహం’ యంత్రం లెక్కలో పద్నాలుగు. ఇంటిపేరు చేర్చడానికి చోటే లేదు. ‘స్త్రీ’ ఒక్కటే ఆరు. ‘హైదరాబాద్‌లో’ అని రాసినప్పుడు ద్ తర్వాత కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది, పొల్లును పొల్లుగా నిలిపేది అదే. కనబడని గుర్తులన్నీ చెత్త అనుకుని పెట్టె దాన్ని ఊడ్చేస్తుంది. పంపాక చూస్తే ‘హైదరాబాద్లో’. మనం రాయని మాటను మన పేరు మీద ఎక్కించే హక్కు వీళ్లకెవరిచ్చారు?

2018 ఫిబ్రవరిలో లోకమంతటా తెలుగు వార్తల్లోకెక్కింది. జ్ఞ, ఆకారం, మధ్యలో అదే కనబడని గుర్తు, ఈ వరస ఐఫోనులోకి వస్తే మెసేజి యాప్ కుప్పకూలేది. కొన్నిసార్లు ఫోను మొత్తం మొరాయించేది. ఆపిల్ కొద్ది రోజుల్లోనే 11.2.6 వెర్షన్‌తో సరిచేసింది. ఆ కొద్దిరోజులూ ప్రపంచపు పత్రికలు రాసిన తీరు నాకు ఇప్పటికీ మంటగానే ఉంది. ఫోన్లను చంపే తెలుగు అక్షరం, తెలుగు బాంబు. అక్షరం ఎవరినీ చంపలేదు. అక్షరాన్ని గీయవలసిన కోడ్ సరిగా రాయలేదు, రాసినదాన్ని తెలుగుతో పరీక్షించలేదు. జ్ఞానం అని రాయడానికి తెలుగు పిల్లవాడు రోజూ వాడే అక్షరాన్ని ప్రపంచంలో అతి పెద్ద కంపెనీల్లో ఒకటి అన్ని వరసల్లోనూ గీసి చూసుకోకపోతే, నేరస్థురాలిగా పేరు పడింది తెలుగుకు. ఆ రోజు మన తరఫున ఆ మాట గట్టిగా అన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా నాకు కనబడలేదు.

ఇక యాప్‌లు కట్టేవాళ్ల ఆఖరి వాదన. తెలుగులో టైపు చేసేదెవరండీ, అందరూ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడుతున్నారు కదా, కొద్దిమంది కోసం ఇంత ఖర్చెందుకు అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. జనం తెలుగు లిపి వదిలి ‘ఎలా వున్నావ్’ను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టడానికి కారణాల్లో ఈ పెట్టెలు కూడా ఉన్నాయి. కొట్టిన మాట తెగి కనబడుతుంది, పేరు తప్పంటుంది, సగంలో చోటు అయిపోయిందంటుంది. ఎస్సెమ్మెస్ అయితే ఇంగ్లీషుకు నూట అరవై అక్షరాలు, తెలుగుకు డెబ్బై. ఇన్ని తిప్పలు పడేకంటే ఇంగ్లీషు అక్షరాలే మేలనుకోవడంలో జనం తప్పు ఏమీ లేదు. ముందు దారిలో ముళ్లు పరిచి, ఆ దారిన ఎవరూ నడవడం లేదు కాబట్టి దారి అక్కర్లేదనడం న్యాయమా? 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్లు 8 కోట్ల 11 లక్షలు. వాళ్లలో తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివేవాళ్లు ఎందరో ఉన్నారు. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, డ్వాక్రా సంఘం లెక్కలు రాసే అక్క, ఎరువుల కొట్టు గుమాస్తా. వాళ్ల పనంతా ఇప్పుడు యాప్‌లలోకి వచ్చింది. వాళ్లకు ఇష్టమున్నా లేకపోయినా రోజుకు పదిసార్లు పెట్టెల్లో నింపాల్సిందే.

ప్రభుత్వాలను వదలను. కేంద్రం ఒక మంచి పని చేసింది. దేశంలో అమ్మే ఫోన్లలో ఇరవైరెండు షెడ్యూలు భాషలూ చదవగలిగేలా ఉండాలని, ఇంగ్లీషు, హిందీ కాక ఇంకో భారతీయ భాషలో టైపు చేయగలిగేలా ఉండాలని భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 16333 మూడో భాగంగా ప్రమాణం రాసింది. ఫోనుకు నియమం ఉంది. ఫోనులో తెరిచే యాప్‌కు ఆ నియమం అంటదు. తలుపు దాకా తెలుగు, లోపల ఎవరిష్టం వాళ్లది. రెండు తెలుగు రాష్ట్రాలూ ప్రజల కోసం యాప్‌లు కట్టించుకుంటున్నాయి. టెండరు పత్రాల్లో సర్వరు ఎన్ని క్షణాల్లో జవాబివ్వాలో రాస్తారు, భద్రత గురించి రాస్తారు. రాసే పెట్టెలో తెలుగు అక్షరం తెగకూడదని ఒక్క వాక్యం రాయలేరా? అచ్చులో తప్పు పడితే సవరణ వేసే ప్రభుత్వం, పౌరుడి పేరులో ఒత్తు తెగితే ఎందుకు ఊరుకుంటుంది? తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు డబ్బు చెల్లించి కట్టించే ప్రతి యాప్‌లో ఈ నియమం పెట్టి, అది తేలేదాకా బిల్లు ఆపితే, ఆ కంపెనీలన్నీ నెల తిరక్కుండా నేర్చుకుంటాయి. తాము నేర్చుకున్నదాన్ని వేరే యాప్‌లలోనూ పెడతాయి.

డెవలపర్లకు నేను చెప్పేది కష్టమైనది కాదు. పెట్టె ఎత్తును బిగించకండి, కనీసం ఇంత అని చెప్పి పైకి పెరగనివ్వండి. ఇంగ్లీషు ఫాంట్‌తోపాటు దానికి లావూ ఎత్తూ కలిసే తెలుగు ఫాంట్‌ను కూడా మీరే ఎంచుకోండి, ఫోను దయకు వదలకండి. గీతల మధ్య ఎడం తెలుగుకు ఎక్కువ కావాలి, ఇవ్వండి. అక్షరాల మధ్య అదనపు ఎడం మాత్రం పెట్టకండి, అది ఒత్తుల్ని వాటి అక్షరాలకు దూరం చేస్తుంది. పేరు పెట్టెలో గుణింతపు గుర్తులనూ పొల్లునూ ఒప్పుకోండి, కనబడని గుర్తును ఊడ్చకండి. ఫోను అక్షరం సైజును ఆఖరు దాకా పెంచి, పాత చవక ఫోను ఒకటి, కొత్త ఫోను ఒకటి, ఐఫోను ఒకటి పట్టుకుని ప్రతి పెట్టెలోనూ ‘రాష్ట్ర స్త్రీల సంక్షేమం’, ‘జ్యోత్స్న’, ‘వాఙ్మయం’, ‘కృష్ణా జిల్లా మచిలీపట్నం’ అని టైపు చేసి చూడండి. పావుగంట పని. మీ ఆఫీసులో తెలుగు వచ్చినవాళ్లున్నారు, వాళ్లను అడగండి. వాళ్లే మీరైతే, ఇంక ఎవరినీ అడగనక్కర్లేదు.

మిగతావాళ్లమంతా అడగాలి, అడుగుతూనే ఉండాలి. ఏ యాప్‌లో ఒత్తు తెగినా అక్కడికక్కడే స్క్రీన్‌షాట్ తీయండి. ప్లే స్టోరులో ఒక చుక్క ఇచ్చి, ఎందుకు ఇచ్చారో తెలుగులోనే, తెలుగు లిపిలోనే రాయండి. ప్రభుత్వ యాప్ అయితే స్క్రీన్‌షాట్‌ను కాగితం మీద అచ్చు తీసి, తెగిన మాట కింద ఎర్రగీత గీసి, సోమవారం కలెక్టరు కార్యాలయంలో ప్రజల అర్జీలు తీసుకునే బల్ల మీద పెట్టి రసీదు అడగండి.